కాలువలో కడిగిన కారు

శ్రీసుధకి కారు నడపడం నేర్పింది మేనమామ దక్షిణామూర్తి. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కాలు రాని పిల్లవాడికి భిన్నాలు చెప్పడం ఎంత తప్పో, బానెట్ కింద ఏముందో తెలియని మనిషి చేతికి స్టీరింగ్ ఇవ్వడం అంత తప్పు ఆయన దృష్టిలో. పెళ్ళికి ముందు సెలవులకి ఆయన ఊరు పెదమెరక వెళ్ళినప్పుడల్లా కాలువగట్టు మీద ఆ తెల్ల కారు పక్కన నిలబెట్టి పాఠం చెప్పేవాడు.

"పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే యాక్సిలేటర్ తొక్కెయ్యకు. నిన్ను నిద్రలేపి అలాగే పరిగెత్తమంటే పరిగెడతావా? ఆయిల్ పైకెక్కనీ."

"టైర్లో గాలి తగ్గితే ముందు నీ చేతులకి తెలుస్తుంది. పాటలు పెట్టుకుని నడిపితే మాత్రం బండి చెప్పేది నీకు వినపడదు."

"ఎవరి దగ్గరైనా పాతబండి కొనేటప్పుడు మెరుపు చూడకు అమ్మడూ. అమ్మేవాడు చూపించింది ఎలాగూ చూస్తావు. చూపించనిది చూడు."

ఆయన మాట మీద ఆ చుట్టుపక్కల ఎంతమంది కార్లు కొన్నారో. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే ఊళ్ళలో ఎవరు పాతకారు బేరమాడినా ముందు మాస్టారి అరుగు ఎక్కేవారు. ఆయన కారే ఆయన మాటకి సాక్ష్యం. ఎన్నేళ్ళయినా కొత్త పెళ్ళికొడుకులా ఉండేది.

ఆ మెరుపు వెనక ఒక క్రతువుంది. ప్రతి ఆదివారం మాస్టారు పంచె ఎగ్గట్టి కారుని కాలువ రేవులోకి దింపేవాడు. ఆయన తండ్రి ఎడ్లని కడిగిన రేవే అది. చక్రాలు సగం మునిగేదాకా దింపి, కొబ్బరిపీచు తీసుకుని, అడుగు నుంచి పైకి దోసిళ్ళతో నీళ్ళు కొట్టి కొట్టి తోమేవాడు. గట్టు మీద పోయేవాళ్ళు, "ఏంటండీ మాస్టారూ, పాలెన్ని ఇస్తదండీ?" అని నవ్వుతూ పోయేవారు. బుల్లెమ్మ అత్తయ్య మాత్రం మెట్ల మీద కూర్చుని, "ఇన్నేళ్ళ కాపరంలో నా వీపు ఒక్కనాడైనా ఇంత శ్రద్ధగా రుద్దారా?" అనేది.

"నువ్వు ఇంత నోరుమూసుకుని ఎప్పుడైనా నిలబడ్డావా?" అనేవాడు మాస్టారు.

ఈ మధ్య రాజమండ్రిలో కళ్ళ డాక్టరు ఆయనకి శుక్లాలున్నాయని, ఆపరేషన్ అయినా రెండో కన్ను పూర్తిగా కుదురుకోదని, ఇక రోడ్డు మీద కారు నడపొద్దని చెప్పాడు. మాస్టారు మూడురోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత శ్రీసుధకి ఫోన్ చేశాడు.

"కారు నువ్వు తీసుకో అమ్మడూ. ఇంకెవరికీ ఇవ్వను."

శ్రీసుధకి అది నోరు తెరిచి అడగలేని వరం. ఉండేది రావులపాలెంలో. తణుకులో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఈ ఏడు కూతురు సాయిప్రసన్నని కూడా తణుకు స్కూల్లోనే వేసింది. రోజూ ఆ ఒకటో తరగతి పిల్లని, దాని బరువున్న పుస్తకాల సంచీని వేసుకుని బస్సులో సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన దాటి వెళ్ళడం, రావడం. వానాకాలంలో బస్సు కిటికీ పక్కన సగం తడిసి కాలేజీకి వెళ్ళిన రోజులున్నాయి. పిల్లని కూర్చోబెట్టుకుని నమ్మకంగా పోగలిగే బండి కావాలి. మావయ్య బండికన్నా నమ్మకమైనది ఇంకేముంటుంది?

ఆదివారం భర్త ఉదయ్‌భాస్కర్‌తో కలిసి పెదమెరక వెళ్ళింది. అప్పుడే రేవు నుంచి ఎక్కిన కారు ఇంటిముందు నీళ్ళోడుతూ తళతళలాడుతోంది. ఉదయ్‌భాస్కర్ చెప్పులు విడుస్తూనే ఒక మోకాలు నేలకి ఆనించి కారు కిందికి వంగబోయాడు. శ్రీసుధ కళ్ళతోనే ఆపేసింది.

"మావయ్య బండి కిందికి దూరతారా? చూసేవాళ్ళకి ఏం బాగుంటుంది?" అంది గొంతు తగ్గించి.

అతను లేచి మోకాలు దులుపుకున్నాడు. కోనసీమలో ఇది రాసిపెట్టని రివాజు. తెలియనివాడి బండి అయితే నలుగుర్ని వెంటబెట్టుకెళ్ళి నట్టు నట్టూ విప్పించి చూస్తారు. తెలిసినవాళ్ళ బండి అయితే తలుపు తీసి, లోపల కూర్చుని, "బావుందండీ" అని కాఫీ తాగి వచ్చేస్తారు. కిందికి వంగడమంటే బండిని కాదు, మనిషిని శంకించినట్టు.

భోజనాలయ్యాక శ్రీసుధ ఒక్కతే కారు తీసుకుని గట్టు మీద చిన్న చుట్టు వేసింది. క్లచ్ మెత్తగా ఉంది. గేరు వెన్నలో పడ్డట్టు పడుతోంది. ఇంజిన్ చప్పుడు వింటుంటే చిన్నప్పటి సెలవులు గుర్తొచ్చాయి. కారు ఆపి దిగబోతుంటే చెవిపోగు జారి మ్యాటు కింద పడింది. మ్యాటు ఎత్తింది. దాని కింద పరిచిన బట్ట తడిగా ఉంది. అంచుల్లో తెల్లగా ఏదో పేరుకుంది. బట్ట కాస్త పక్కకి లాగి చెవిపోగు కోసం వేలితో తడిమింది. రేకు అటుకులా పొరలుగా విరిగింది. ఇంకాస్త నొక్కితే వేలు కిందికి దిగిపోయింది. వేలికి కాలువగట్టు గాలి తగిలింది.

ఆ తెల్లటిది కాస్త గోటితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు.

తలెత్తి చూసింది. చిన్నప్పుడు కాలువకి అటూ ఇటూ ఉన్న వరిచేలు ఇప్పుడు లేవు. కనుచూపు మేరా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళకి గాలి పట్టిస్తూ గిర్రున తిరిగే చక్రాలు. ఆ చెరువుల్లో వాడిన ఉప్పునీళ్ళు గొట్టాల్లోంచి తిన్నగా కాలువలోకి పడుతున్నాయి. కొబ్బరిచెట్లు మొవ్వులు మాడి నిలబడ్డాయి. నీళ్ళు ఎప్పుడో మారిపోయాయి. మావయ్య ఆదివారాలు మాత్రం మారలేదు. ఆయన ఎంత ప్రేమగా తోమితే, అడుగున అంత లోతుగా ఉప్పు పట్టిందన్నమాట.

మ్యాటు మళ్ళీ పరిచేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి, ఇంట్లో ఒకసారి మాట్లాడుకుని చెబుతామని బయల్దేరింది. దారిలో బైకు మీద ఉదయ్‌భాస్కర్‌కి చెప్పింది.

"ఫ్లోరే పోయిందంటే కిందనున్నవన్నీ అలాగే ఉంటాయి. మనకొద్దు," అన్నాడతను.

"మావయ్యకెలా చెప్పను? ఆ బండి పేరెత్తితే మనవణ్ణి పొగిడినంత సంబరపడతాడు. నీ చేత్తో నువ్వే పాడుచేశావని చెప్పమంటారా?"

"చెప్పకు. తెలుపు నీ జాతకానికి అచ్చిరాదని సిద్ధాంతిగారు అన్నారని చెప్పు. ఆయన ఎలాగూ రోడ్డు మీద నడపడం మానేశారు, బండి షెడ్డులో పడుంటుంది. ఎవరికీ నష్టం లేదు."

ఎవరికీ నష్టం లేదన్న మాట శ్రీసుధకి బాగా నచ్చింది. మర్నాడు ఫోన్ చేసి అలాగే చెప్పింది.

"జాతకాలు నువ్వెప్పట్నుంచి చూస్తున్నావే?" అన్నాడు మాస్టారు.

"నేను కాదు మావయ్యా, ఆయన..."

"సరే. మరి ఏ రంగు అచ్చొస్తుందన్నారు?"

ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. ఎదురుగా గోడకి సాయిప్రసన్న ఎర్ర రెయిన్‌కోటు వేలాడుతోంది.

"ఎరుపు," అనేసింది.

"ఓహో," అని ఫోన్ పెట్టేశాడాయన.

తర్వాత ఆయన ఫోన్ చేయలేదు. కోపమొచ్చిందనుకుని శ్రీసుధ రెండుసార్లు చేస్తే అత్తయ్య తీసి, "రాజోలు వెళ్ళారే, ఏదో పనుంది" అని నవ్వింది.

ఆ నవ్వుకి అర్థం ఒక శనివారం మధ్యాహ్నం తెలిసింది. వీధిలో హారన్ మోగితే శ్రీసుధ బయటికి వచ్చింది. గుమ్మంలో కుంకుమరంగు కారు నిలబడి ఉంది. బానెట్‌కి బంతిపూల దండ. స్టీరింగ్ ముందు మావయ్య, పక్కన ఒళ్ళో అరటిపళ్ళ సంచీతో అత్తయ్య.

"ఇప్పుడేమంటారో మీ సిద్ధాంతిగారు?" అన్నాడు మాస్టారు దిగుతూ. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. "రాజోల్లో పెయింటర్ లోవరాజు చేత రంగు వేయించా. ఆర్‌సీలో రంగు మార్పించడం నీ పని. డోర్ల అడుగున ఎక్కడో కాస్త తుప్పు తిన్నదన్నాడు, పుట్టీ పెట్టి మూసేశాడులే."

శ్రీసుధ కారుని కాదు, ఆయన కళ్ళని చూసింది. "నువ్వు... ఇంత దూరం నువ్వే నడిపావా?"

"నడపొద్దని చెప్పానే, వింటేనా?" అంది బుల్లెమ్మ. "అమ్మాయి గుమ్మంలో చివరిసారి నేనే దింపాలన్నారు. పి.గన్నవరం వంతెన మీద ఎదురుగా లారీ వస్తే నేను కళ్ళు మూసుకున్నానమ్మా. ఈయన మాత్రం తెరిచే ఉంచారు. ఎంత కనపడిందో ఆ దేవుడికే తెలియాలి!"

వంతెన, లారీ, తుప్పు రేకు మీద ఆనించిన ఆయన పాదం ఒక్కసారి శ్రీసుధ కళ్ళముందు మెదిలాయి. షెడ్డులో పడుంటుందనుకున్న బండిని రోడ్డెక్కించింది తన మాటే.

ఇంతలో సాయిప్రసన్న పరిగెత్తుకొచ్చి ముందు సీటెక్కి కూర్చుంది. "తాతయ్యా, రౌండు!"

"పద తల్లీ, మెయిన్ రోడ్డు దాకా ఒక్క రౌండు," అంటూ మాస్టారు మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు.

శ్రీసుధ అటు పక్కకి పరిగెత్తి తలుపు లాగి పిల్లని రెక్క పట్టుకుని దింపేసింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. మాస్టారు ఇంజిన్ ఆపి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, మెల్లగా అన్నాడు.

"తెలుసమ్మా. నా కళ్ళ మీద నమ్మకం లేదు. ఉండక్కర్లేదు కూడా. ఆ మాట ముందే అంటే సరిపోయేది కదా, పిల్లని అలా లాక్కోవాలా?"

ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. కళ్ళ వంక దానంతట అదే దొరికింది. అవునంటే చాలు, కారు మాట రాకుండా గడిచిపోతుంది. రేపు ఇంకేదో వంక పెట్టి కారు వద్దంటే ఆయన దీన్ని మళ్ళీ పెదమెరక తీసుకెళతాడు, అదే వంతెన మీదుగా. శ్రీసుధ పిల్లని అప్పుడే లోపల్నుంచి వచ్చిన భర్తకి అందించి కారు దగ్గరికి వచ్చింది.

"కళ్ళు కాదు మావయ్యా. ఒకసారి దిగు."

ఆయన దిగాడు. ఆమె మ్యాటు ఎత్తి, బట్ట పక్కకి తీసి, ఆయన చెయ్యి పట్టుకుని వేలు ఆ చోట పెట్టింది. ఆయన నొక్కాడు. రేకు కరకరమని రాలింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా రాలింది. చెయ్యి వెనక్కి తీసి వేలికంటిన ఎర్రటి పొడిని చాలాసేపు చూసుకున్నాడు. కొత్త రంగుకీ దానికీ పెద్ద తేడా లేదు.

"ఆ రోజే చూశావా?"

"చూశాను."

"సిద్ధాంతిగారు?"

"ఆయనకేం తెలియదు మావయ్యా. నేనే అన్నాను."

ఉదయ్‌భాస్కర్ గొంతు సవరించుకుని, "ఆ ఉపాయం నాదేనండి, మావయ్యగారూ" అన్నాడు. మాస్టారు అతని వైపు చూడలేదు.

"ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు నొచ్చుకుంటావని."

"నొచ్చుకునేవాణ్ణే. రెండుపూటలు అన్నం సహించేది కాదు. మీ అత్తయ్య మీద విసుక్కునేవాణ్ణి. అంతేగా?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది శ్రీసుధకి. "నా మనసు నొప్పించకూడదని దీన్ని వంతెన ఎక్కించావు. అందులో మీ అత్తయ్యని కూర్చోబెట్టాను. ఇప్పుడు పిల్లని కూర్చోబెట్టబోయాను."

బుల్లెమ్మ కారు దగ్గరికి వచ్చి, తొంగిచూసి, అంచున పేరుకున్న తెలుపుని వేలితో తీసి నాలిక్కి రాసుకుంది.

"ఆ నీళ్ళతో పప్పు ఉడకట్లేదని మనం టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నాం కదండీ," అంది నెమ్మదిగా. "ఆవుని కూడా ఆ రేవులోకి దింపడం మానేశాం. దీనికి మాత్రం అవే పోశాం."

"నేనే పోశాను," అన్నాడు మాస్టారు. "నీళ్ళు ఉప్పయ్యాయని నాకు తెలియక కాదు. మా నాన్న కడిగిన రేవు కదా. ఆదివారం రాగానే కాళ్ళే అటు వెళ్ళిపోయేవి. లెక్క తెలిసీ తప్పు వేశాను." కాస్త ఆగి చేదుగా నవ్వాడు. "కడగని బద్ధకస్తుడి బండి అయితే ఇంకో పదేళ్ళు నడిచేది."

సాయంత్రం దాన్ని తాడు కట్టించి మెల్లగా హైవే పక్కనున్న మెకానిక్ అబ్రహాము షెడ్డుకి లాగించారు. లిఫ్ట్ మీద పైకి లేపితే నలుగురూ కింద నిలబడి చూశారు. పైన పెళ్ళికూతురి చీరలా ఉన్న బండి, కింద పాడుబడ్డ ఇంటి పైకప్పులా ఉంది. అబ్రహాము వెనక చక్రానికి వెళ్ళే బ్రేకు పైపుని గుడ్డతో తుడిచాడు. గుడ్డకి తుప్పుతో పాటు నూనె తడి అంటుకుంది.

"ఇంకెన్నాళ్ళు ఆగేదో చెప్పలేమండి," అన్నాడు. "మార్చొచ్చు, ఫ్లోరూ కొట్టొచ్చు. కానీ వెల్డింగు పట్టుకునే చోట్లన్నీ మెత్తబడ్డాయండి. బాగుచేసినా నేనైతే నా పిల్లల్ని ఎక్కించనండి." తర్వాత తనూ వ్యాపారస్తుడే కాబట్టి, రంగు వైపు ఒకసారి ఆశగా చూసి, "పైకి మాత్రం కత్తిలా ఉందండి మాస్టారూ. అడిగేవాళ్ళు ఉంటారు. ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే..." అని నసిగాడు.

"కొనేవాడికీ పిల్లలుంటారు కదయ్యా," అన్నాడు మాస్టారు. "తుక్కుకి పంపెయ్యి. రోడ్డెక్కకుండా కాగితాలు కూడా రద్దు చేయించు."

బయటికి వస్తూ డిక్కీ తెరిచి లోపల ఏదో వెతుక్కున్నాడు. ఎండి గట్టిపడిన కొబ్బరిపీచు దొరికింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసి మూత వేశాడు. ఆ రాత్రి నిజంగానే ఆయనకి అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్న బస్సెక్కేటప్పుడు మాత్రం కిటికీలోంచి శ్రీసుధని పిలిచి, "ఇంకో బండి చూసేటప్పుడు నాకు చెప్పు" అన్నాడు.

చెప్పింది. కొబ్బరికాయల దింపులు అయ్యాక, ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం చేసే శ్యాంబాబు తన బూడిదరంగు కారు అమ్ముతున్నాడని తెలిసి శ్రీసుధ, ఉదయ్‌భాస్కర్, మాస్టారు ముగ్గురూ వెళ్ళారు. శ్యాంబాబు ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. గురువుగారిని చూసి పరిగెత్తుకొచ్చి, కుర్చీ వేసి, పళ్ళెంలో పూతరేకులు పెట్టించాడు.

"తిందాంలే, ముందు పని కానీ," అంటూ మాస్టారు సంచీలోంచి గోనెపట్టా ఒకటి తీసి కారు పక్కన నేల మీద పరిచాడు. ఉతికిన తెల్లపంచె మోకాళ్ళ దాకా మడిచి, పట్టా మీద వెల్లకిలా పడుకుని, మెల్లగా కారు కిందికి జరిగాడు. కొట్లో పూతరేకులు చుట్టే ఆడవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు.

శ్యాంబాబు మొహం చిన్నబోయింది. "ఏంటండీ మాస్టారూ ఇది? నేను మీ దగ్గర చదువుకున్నవాణ్ణి. నా మీద ఆమాత్రం నమ్మకం లేదా అండి?"

"నీ మీద ఉందిరా," కారు కిందనుంచి వచ్చింది గొంతు. "నువ్వు కడిగిన నీళ్ళు నాకు తెలియవు."

"బోరు నీళ్ళేనండి!"

"బోరు నీళ్ళు తీపో ఉప్పో నువ్వు బండి కింద దూరి చూశావా? లేదు కదా. నేనూ చూడలేదు, అదే చెబుతున్నా."

ఉదయ్‌భాస్కర్ నవ్వాపుకోలేక పూతరేకు నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి మాస్టారి చెయ్యి బయటికి వచ్చి గాల్లో ఊగింది.

"అమ్మడూ, ఎక్కడున్నావు? నాకు ఆ వెనక పైపు సరిగ్గా ఆనట్లేదు. ఇలా రా."

శ్రీసుధ ఒక్క క్షణం తన చీర వైపు, కొట్లోంచి చూస్తున్న ఆడవాళ్ళ వైపు చూసింది. కొంగు బిగించి, పట్టా మీద ఆయన పక్కనే పడుకుని లోపలికి జరిగింది. కింద నీడగా, చల్లగా ఉంది. ఎండిన మట్టి, నూనె వాసన. మావయ్య కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కళ్ళు చికిలిస్తూ పైకి చూస్తున్నాడు. అద్దాలు పెట్టుకున్నా తీసినా ఆయనకి అక్కడ కనపడేది మసకేనని ఆమెకి అర్థమైంది. ఆయన ఫోను ఆమె చేతిలో పెట్టాడు, టార్చి వేసి.

"ఆ మూల నుంచి ఈ మూల దాకా చూడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకోసం ఏదీ తగ్గించకు."

ఆమె వెలుగు తిప్పింది. "పైపు బాగుంది మావయ్యా. పొడిగా ఉంది."

"ఊఁ."

"ఫ్లోరు గట్టిగానే ఉంది. మట్టి అంతే."

"గోటితో గీకి చెప్పు."

గీకింది. "గట్టిగానే ఉంది."

"ఇంకా?"

వెలుగు వెనక చక్రం దగ్గర ఆగింది. అక్కడ చిన్న మచ్చ, ఎర్రగా. శ్యాంబాబు చెప్పులు కారు పక్కన ఇటూ అటూ కదులుతున్నాయి. అతను వింటున్నాడని తెలుసు.

"ఇక్కడ తుప్పు మొదలైంది మావయ్యా," అంది గట్టిగా, బయటికి వినపడేలాగే.

చెప్పులు ఆగిపోయాయి.

"ఎంత ఉంది? చెయ్యి పెట్టి చూపించు," అన్నాడు దక్షిణామూర్తి. ఆమె ఆయన వేలు పట్టుకుని ఆ మచ్చ మీద ఆనించింది.